ఏ బ్యాకప్పో చెప్పకుండా "బ్యాకప్ తీసుకోండి" అంటే ఎట్లా?

సంపాదకులకు నమస్కారం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయిందని, పాత కంప్యూటర్లు వాడేవాళ్ళు జాగ్రత్తపడాలని మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. వార్తలో తప్పేం లేదు. కానీ చివర్లో "ముందుగా బ్యాకప్ తీసుకుని విండోస్ 11కు మారండి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు చూడండి, నా గొడవంతా ఆ వాక్యంతోనే. ఏ బ్యాకప్ తీయాలి? తీసినదాన్ని మళ్ళీ ఎక్కడ పెట్టాలి, ఎట్లా పెట్టాలి? ఆ మాట ఎవరూ చెప్పరు. చెప్పకపోతే ఏమవుతుందో మొన్న శ్రావణంలో మూడు రోజులు అనుభవించాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైతే మన్నించండి.

నాది కడపలో చిన్న డీటీపీ అంగడి, ఏడురోడ్ల కూడలి నుంచి నడిచి వచ్చేంత దూరం. పెండ్లి పత్రికలు, బిల్లు బుక్కులు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, పెద్ద దర్గా ఉరుసు వస్తే కరపత్రాలు, ఇన్‌పేజీలో ఉర్దూ షాదీ కార్డులు, ఎలక్షన్లు వస్తే ఇంక చెప్పనక్కరలేదు. ఇదంతా నడిచింది 2012లో కొన్న ఒకే ఒక్క కంప్యూటర్ మీద. విండోస్ 7, అదీ 32 బిట్, అంటే పాత రకం. పేజీలు అమర్చే పేజ్‌మేకర్, తెలుగు కొట్టే అను ఫాంట్లు, ఆ ఫాంట్లకు అలవాటైపోయిన నా వేళ్ళు. విండోస్ 7కు సపోర్టు 2020 జనవరి 14నే ఆగిపోయింది, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ దాంట్లో నేను ఇంటర్నెట్ వాడను, పని ఆగింది లేదు, నడిచే బండికి ఇంజన్ విప్పడం ఎందుకని అట్లాగే ఉంచేశాను. మా వీధిలో నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, మీ పాఠకుల్లోనూ తక్కువేం ఉండరు.

బ్యాకప్ లేని మనిషినేమీ కాదు నేను, అదే బాధ. 2019లో మా బామ్మర్ది కొడుకు, అప్పుడు వాడు పాలిటెక్నిక్ చదువుతుండె, ఒక 1 టీబీ హార్డ్‌డిస్కు కొనిపించి కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రిస్టోర్ తెరిచి సిస్టమ్ ఇమేజ్, అంటే విండోస్‌తో సహా మొత్తం డిస్కుకు నకలు, తీసి ఇచ్చినాడు. సీ డ్రైవ్, డీ డ్రైవ్ రెండూ దాంట్లోకి పోయేటట్టు పెట్టినాడు. "మామా, నీ అంగడి మొత్తం దీంట్లో ఉంది, కంప్యూటర్ కాలిపోయినా భయం లేదు" అన్నాడు. ఒక సీడీ కూడా కాల్చి ఇచ్చి, దీన్ని రిపేర్ డిస్క్ అంటారు, పారేయొద్దు అని చెప్పినాడు. అప్పట్నుంచి ఏటా దసరాకు ఆయుధపూజ అయినాక మళ్ళీ ఒకసారి ఇమేజ్ తీయడం నాకు అలవాటు. కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు, పేపర్ కట్ చేసే కత్తికి బొట్టు పెట్టినట్టే ఆ హార్డ్‌డిస్కుకూ పెడతాను. పోయిన దసరాకు దాన్ని శుభ్రం చేస్తూ, లోపల విండోస్ ఇమేజ్ బ్యాకప్ అనే ఇంగ్లీషు పేరుతో ఉన్న ఫోల్డర్‌కు చక్కగా "షాపు బ్యాకప్" అని పేరు మార్చి, ఇంకో ఫోల్డర్ చేసి దాంట్లో సర్దిపెట్టాను. ఎంత పని చేశానో అప్పుడు తెలియదు.

శ్రావణంలో ఒక సాయంత్రం ఉరుములు మెరుపులతో వాన. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో నిండుకుంది, మారుద్దాం మారుద్దాం అనుకుంటూనే ఉన్నా. కరెంటు పోయి ఒక్కసారిగా వచ్చింది, టప్‌మని శబ్దం, కాలిన వాసన. కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డును, హార్డ్‌డిస్కును కూడా వెంట తీసుకుపోయింది.

మరుసటి రోజు పొద్దున్నే ఒక పెద్దాయన వచ్చినాడు. చిన్నకూతురి పెండ్లి, పత్రిక మ్యాటర్ ముందురోజే మాట్లాడుకున్నాం. "పెద్దపాప పెండ్లికి కొట్టినావు చూడు అన్నా, ఆ మ్యాటరే తీసి పేర్లు మార్చు, సాయంత్రానికి ప్రూఫు కావల్ల" అన్నాడు. ఆ మ్యాటరే ఎందుకంటే, మూడేండ్ల కింద ఆ పత్రికలో ఆహ్వానించువారి పేర్ల వరస కోసం వాళ్ళింట్లో పెద్ద పంచాయితీ జరిగింది. ఎవరి పేరు పైన, ఎవరిది కింద, పోయిన పెదనాయన పేరు ముందు కీర్తిశేషులు అని పెట్టి ఎక్కడ వేయాలి, మేనమామల్లో ఎవరు ముందు, ఇట్లా నాలుగు ప్రూఫులు తిరిగి నా అంగడిలోనే తేలింది. ఇంట్లో ఒక్క కార్డు కూడా మిగల్లేదంట. అంటే ఆ సంధిపత్రం ఉండేది నా కంప్యూటర్‌లో మాత్రమే. కంప్యూటర్ కాలిపోయిందని చెబితే ఆయన ముఖం చూడలేకపోయాను. "బ్యాకప్ ఉందిలే, సాయంత్రం రాండి" అని పంపేశాను.

మధ్యాహ్నానికల్లా సెకండ్ హ్యాండ్‌లో నాలుగో తరం ఐ5 మిషన్ ఒకటి తెచ్చుకున్నాను, విండోస్ 10, 64 బిట్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. వేసి ఇచ్చిన సర్వీసు అంగడి ఆయనకు హార్డ్‌డిస్కు చేతిలో పెట్టి ఇందులో నా పాత కంప్యూటర్ మొత్తం ఉంది, ఎక్కించు అన్నాను. ఆయన విండోస్ 10 పెన్‌డ్రైవ్ పెట్టి, రిపేర్‌లోకి పోయి, సిస్టమ్ ఇమేజ్ రికవరీ నొక్కితే ఇమేజ్ ఏదీ దొరకలేదు అని వచ్చింది. ఇంకోసారి నొక్కినాడు, అదే మాట. "ఖాళీగా ఉందన్నా ఇది, డేటా రికవరీకి పంపల్ల, ఆరు వేలు అవుతుంది" అన్నాడు. నాకు కాళ్ళు చల్లబడినాయి. హార్డ్‌డిస్కు గుంజుకుని అంగడికి వచ్చేసి, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అల్లుడికి, అదే ఆ బామ్మర్ది కొడుక్కి, వీడియో కాల్ చేశాను. ఫోను గమ్ము సీసాకు ఆనించి స్క్రీన్ వైపు తిప్పిపెట్టి రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం.

వాడు అడిగిన మొదటి ప్రశ్న, "మామా, ఫోల్డర్ పేరేమన్నా మార్చినావా?"

మార్చినా అని చెప్పాను. వాడు నెత్తి కొట్టుకున్నాడు. ఆ రికవరీ అనేది తెలివైన మనిషి లాంటిది కాదంట, హార్డ్‌డిస్కులో అన్నింటికంటే పైన, ఏ ఫోల్డర్ లోపలా కాకుండా, సరిగ్గా ఆ ఇంగ్లీషు పేరుతోనే ఫోల్డర్ ఉంటేనే దానికి కనిపిస్తుందంట, ఒక్క అక్షరం తేడా ఉన్నా లేనట్టే. పేరు మళ్ళీ పాతదే పెట్టి బయటికి తీసి ప్రయత్నిస్తే ఈసారి ఇమేజ్ కనిపించింది, తేదీతో సహా. నాకు ప్రాణం లేచి వచ్చింది. నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ అని నొక్కితే ఇంకో అడ్డం. ఈ ఇమేజ్ తీసిన కంప్యూటర్ బయోస్‌తో నడిచేది, ఇది ఈఎఫ్ఐతో (యూఈఎఫ్ఐ అన్నా ఇదే) నడుస్తోంది, రెండింటి ఫర్మ్‌వేర్ వేరు కాబట్టి కుదరదు అని. అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్ పాతవాటిలో ఒక రకం, కొత్తవాటిలో ఇంకో రకం, ఇమేజ్ ఏ రకంలో తీశామో ఆ రకంలోనే పెట్టాలి. విండోస్ 7 32 బిట్ అయితే పాత రకంలోనే లేస్తుంది, వేరే దారి లేదు. ఆ ముందు లేచే ప్రోగ్రామ్ సెట్టింగుల్లోకి పోయి లెగసీ, అంటే పాత రకం, అని మార్చుకున్నాం. అదృష్టం కొద్దీ ఆ మిషన్‌లో ఆ ఆప్షన్ ఉంది, ఇప్పుడొచ్చే కొత్త మిషన్లలో చాలావాటికి అది కూడా తీసేశారంట.

తర్వాత పెన్‌డ్రైవ్ వద్దు, 2019లో ఇచ్చిన సీడీ పెట్టమన్నాడు. 32 బిట్ ఇమేజ్‌కు 32 బిట్ డిస్కే పెట్టాలంట, 64 బిట్ విండోస్ 10 పెన్‌డ్రైవ్‌తో ఈ పని పెట్టుకోవద్దన్నాడు. సీడీ ఎక్కడుందో వెతకడానికే గంట పట్టింది, పాత పంచాంగాల మధ్య దొరికింది. పెడితే అడుగు ముందుకు పడింది, ఆ వెంటనే ఆగింది, డిస్కు చిన్నదిగా ఉంది అంటూ. నా పాత డిస్కు 500 జీబీ, కొత్తది 256. "లోపల ఉన్న సరుకు 180 జీబీయే గదరా, పట్టదా" అంటే, సరుకు ఎంతుందని చూడదు మామా, పాత గోడౌన్ ఎంత ఉండేదో కనీసం అంత గోడౌన్ ఉండాల్సిందే అంటుంది అన్నాడు. ఇది వింటే నాకు వంటింటి గట్టుకు కొలతపెట్టి కోయించిన కడప బండ గుర్తొచ్చింది. మన ఇంటికి కోసింది పక్కింటి గట్టు మీద పెడితే ఒక మూల పైకి లేస్తుంది, ఇంకో మూల గోడకు తగులుతుంది. బండలో లోపం లేదు, గట్టులోనూ లేదు.

అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేసినాడు. నాకు టెన్షన్ నెత్తికెక్కింది.

అప్పుడు మా అల్లుడు అడిగినాడు, "మామా, నీకిప్పుడు కావల్సింది పాత విండోసా, పత్రిక ఫైలా?" అని. ఈ ప్రశ్న ఆ సర్వీసు అంగడి ఆయన మధ్యాహ్నమే అడిగి ఉంటే నా రోజు మిగిలేది. ఫైలే రా నాయనా అన్నాను. అయితే ఎక్కించడమే అక్కర్లేదన్నాడు. సెట్టింగు మళ్ళీ యథాతథంగా పెట్టించి విండోస్ 10 మామూలుగా తెరిపించినాడు. ఆ ఫోల్డర్ లోపలికి పోతే అనుమతి లేదు అని అడుగుతుంది, కంటిన్యూ అంటే సరి. దాంట్లో మన కంప్యూటర్ పేరుతో ఒక ఫోల్డర్, దాంట్లో తేదీతో ఇంకోటి, దాంట్లో అంకెలూ అక్షరాలూ కలిసి నోరు తిరగని పొడుగు పేర్లున్న పెద్ద పెద్ద ఫైళ్ళు, చివర వీహెచ్‌డీ అని ఉంటుంది. అవి మూడున్నాయి నాకు. ఒకటి సీ, ఒకటి డీ, ఇంకో చిన్నది విండోస్ 7 తన కోసం దాచుకునే 100 ఎంబీ ముక్క. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, పైన యాక్షన్‌లో అటాచ్ వీహెచ్‌డీ అని ఉంటే నొక్కి, పెద్ద ఫైలును చూపించి, రీడ్ ఓన్లీ అనేదానికి టిక్ పెట్టమన్నాడు. ఆ టిక్ మర్చిపోతే మనం చూస్తూ చూస్తూ ఇమేజ్‌లో ఏదన్నా మారిపోయి, రేపు నిజంగా ఎక్కించాల్సి వస్తే చెడిపోతుందంట.

ఓకే నొక్కాను. మై కంప్యూటర్‌లో కొత్తగా ఒక డ్రైవ్ వచ్చింది. తెరిస్తే నా పాత డీ డ్రైవ్. పెండ్లి పత్రికలు, బిల్ బుక్స్, స్కూల్, ఉర్సు, నేను పెట్టిన ఫోల్డర్లు నేను పెట్టిన వరసలో. పెన్‌డ్రైవ్ తెరిచినంత సులభంగా. అంతసేపూ ఎక్కించాలి ఎక్కించాలి అని తన్నుకులాడింది దీని కోసమేనా అనిపించింది. పత్రిక ఫైలు కాపీ చేసుకోవడానికి ఒక్క నిమిషం పట్టలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. కొత్త మిషన్‌లో పేజ్‌మేకర్ సీడీ వేసి ఫైలు తెరిస్తే తెలుగు లేదు, ఆ స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఏవో ఫారిన్ అక్షరాలు. డీటీపీ వాళ్ళకు ఇది కొత్తేం కాదు. అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరు ఉండే పద్ధతి) కావు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టి చేసినవి, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో బొమ్మలు పోయి అసలు అక్షరాలు బయటపడతాయి. విండోస్‌తో పాటే వచ్చే గౌతమి, నిర్మల లాంటి యూనికోడ్ ఫాంట్లలో కొట్టి ఉంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించేది. సీ డ్రైవ్ ఫైలును కూడా ఇట్లాగే అటాచ్ చేసి, విండోస్ ఫోల్డర్‌లో ఉన్న ఫాంట్లలో నుంచి నావి నేను కాపీ చేసుకుని ఇన్‌స్టాల్ చేసుకుంటే, పెదనాయన పేరు కీర్తిశేషులతో సహా తెర మీద నిలబడింది. పెద్దాయనకు పదకొండుకు ప్రూఫు వాట్సాప్ చేశాను. పొద్దున ఆరుకు ఆయన జవాబు, "పేర్లు కరెక్ట్, కలశం బొమ్మ రొంత పెద్దది పెట్టు."

ఇంక పాత విండోస్ 7ను పూర్తిగా ఎక్కించే ముచ్చట కూడా తీర్చుకున్నాను లెండి, ఇన్‌పేజీ, పాత ప్రింటర్ దాంట్లో అయితేనే నాకు సరిగ్గా నడుస్తాయని. 1 టీబీ లోపలి హార్డ్‌డిస్కు కొని, ఎస్‌ఎస్‌డీ పీకి పక్కన పెట్టి, లెగసీలో, ఆ సీడీతో ఎక్కిస్తే రెండున్నర గంటల్లో ఎక్కింది. ఆన్ చేస్తే నీలం తెర, దాని మీద 7బీ అనే నంబరు. విండోస్‌కు తాను కూర్చున్న డిస్కే తనకు దొరకడం లేదని దాని అర్థమంట, ఎందుకంటే పాత బోర్డులో డిస్కు ఒక పద్ధతిలో తగిలించి ఉండేది, కొత్త బోర్డులో ఇంకో పద్ధతి. మళ్ళీ సెట్టింగుల్లోకి పోయి ఏహెచ్‌సీఐ ఉన్నచోట ఐడీఈ అని మారిస్తే లేచింది. లేస్తే మౌసు కదలదు. నీలం రంగు యూఎస్‌బీ రంధ్రాల్లో పెట్టినాను, విండోస్ 7కు ఆ 3.0 రకానికి డ్రైవర్ దాంతో పాటు రాదు, వెనకాల నల్లవాటిలో పెడితే కదిలింది. ఆ తర్వాత యాక్టివేషన్ చేయించుకో అని అడగడం మొదలుపెట్టింది, బోర్డు మారింది కదా. మొత్తం మూడు రోజులు. పత్రికకు పది నిమిషాలు, దీనికి మూడు రోజులు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పుడు విండోస్ 10 వాళ్ళు సరిగ్గా ఇదే గుంటలో పడబోతున్నారు. మా వీధిలో ఒక ఎరువుల అంగడి ఆయన మీ వార్త చదివి నా దగ్గరికి వచ్చి, "ఇమేజ్ తీసి పెట్టన్నా, విండోస్ 11 వేయించినాక దాన్ని మళ్ళీ ఎక్కించుకుంటా" అన్నాడు. ఆ మాటలో ఉన్న పొరపాటు చూడండి. ఇమేజ్ అంటే లెక్కల ఫైళ్ళ మూట కాదు, విండోస్‌తో సహా మొత్తం డిస్కు. విండోస్ 11 వేసినాక విండోస్ 10 ఇమేజ్ ఎక్కిస్తే రెండూ కలవవు, 11 పోయి 10 వచ్చి కూర్చుంటుంది. వేయించిన డబ్బులు దండగ. పోనీ 11 వచ్చినాక నచ్చక వెనక్కి రావాలంటే అప్పుడు ఇమేజ్ పనికొస్తుంది, కాదనను. మామూలుగా అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్ళకైతే పది రోజుల లోపల సెట్టింగుల్లోంచే వెనక్కి పోయే వీలుంటుంది, ఆ పది రోజులు దాటితే ఇమేజే దిక్కు.

ఆయన విండోస్ 10 కూడా 32 బిట్ అని చూసినాక తేలింది. విండోస్ 11లో 32 బిట్ అనేదే లేదు. కాబట్టి ఆయనకు ఉన్నదాని మీద అప్‌గ్రేడ్ కాదు, మొత్తం తుడిచి కొత్తగా వేయాలి, ప్రోగ్రాములన్నీ మళ్ళీ వేసుకోవాలి. దానికి తోడు ఆయన లెక్కలు డాస్ (విండోస్ కంటే ముందు ఉండేది) కాలం నాటి ఫాక్స్‌ప్రో అనే ప్రోగ్రాములో ఉన్నాయి, 64 బిట్ విండోస్ ఏదైనా సరే డాస్ ప్రోగ్రాములను నేరుగా నడపదు. ఏ ఇమేజూ ఆయన్ని కాపాడదు. ఇరవై ఏండ్ల బాకీల లెక్కలు ఎక్సెల్‌లోకి తీయించుకోమని చెప్పి పంపాను. పైగా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్ అని 11కు ఉన్న షరతులు ఆయన మిషన్ దాటదు కూడా. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అనే మైక్రోసాఫ్ట్ పథకంలో చేరితే విండోస్ 10కే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, ఆయనకు అదే నయం. ఆ సంగతి మీ వార్తలో లేదు.

బ్యాకప్ అనే పేరుతో తిరిగేవి ఎన్ని రకాలో కూడా చూడండి. సిస్టమ్ రిస్టోర్ అని ఒకటుంది, అది సెట్టింగులను, డ్రైవర్లను వెనక్కి తిప్పుతుంది, మన ఫైళ్ళ జోలికి రాదు, డిస్కు పోతే దాంతో పాటే పోతుంది. విండోస్ బ్యాకప్ అని ఇప్పుడు కొత్తగా కనిపించే యాప్ వన్‌డ్రైవ్‌లోకి ఫైళ్ళు, సెట్టింగులు పంపుతుంది, ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, నా పేజ్‌మేకర్‌ను అది మోసుకుపోదు. నేను తీసిన సిస్టమ్ ఇమేజ్ ఏమో 10లోనూ 11లోనూ ఇంకా "బ్యాకప్ అండ్ రిస్టోర్, విండోస్ 7" అనే పేరుతోనే కంట్రోల్ ప్యానెల్‌లో మూలన పడి ఉంది, 2017లోనే మైక్రోసాఫ్ట్ దాన్ని ఇంక అభివృద్ధి చేయం, వేరే కంపెనీల ప్రోగ్రాములు చూసుకోండి అని చెప్పేసింది. క్లోన్‌జిల్లా అని ఉచితంగా దొరికేది ఒకటుంది, దానికి డిస్కులో ఏ విండోస్ ఉందన్న పట్టింపు లేదు, అయితే అదీ మామూలుగా పాతదానికంటే చిన్న డిస్కు మీదికి ఎక్కనంటుంది. ఇంకోటి, విండోస్ 8 నుంచి ఇమేజ్ ఫైళ్ళు వీహెచ్‌డీఎక్స్ అనే రకంలో వస్తాయి, అవి విండోస్ 7లో తెరుచుకోవు. పాత ఇమేజ్‌ను కొత్త విండోస్‌లో తెరవొచ్చు గానీ, కొత్త ఇమేజ్‌ను తీసుకుపోయి పాత కంప్యూటర్‌లో తెరుద్దామంటే కుదరదు.

అన్నింటికంటే ముఖ్యమైనది, నా పక్క అంగడి ట్యూషన్ సారుకు జరిగింది. ఆయనకు ఎవరో ఇమేజ్ ఎక్కించారు. ఆ రికవరీలో "ఫార్మాట్ అండ్ రీపార్టిషన్ డిస్క్స్" అనే టిక్ ఒకటి ఉంటుంది. అది పెట్టి నొక్కితే ఇమేజ్‌లో ఉన్నది మాత్రమే డిస్కు మీదికి వస్తుంది, డిస్కు మీద అప్పటిదాకా ఉన్నది పోతుంది. ఆయన ఇమేజ్‌లో సీ డ్రైవ్ ఒక్కటే ఉంది. పిల్లల మార్కులు, ఆయన పదేండ్లు కూర్చుని తయారు చేసుకున్న లెక్కల పేపర్లు డీలో ఉండేవి. ఎక్కించిన మనిషి "ఇమేజ్ ఉంది గదా సార్" అన్నాడంట. బ్యాకప్ తీసి పెట్టుకున్న మనిషే బ్యాకప్ పెట్టబోయి పోగొట్టుకున్నాడు. మిషన్‌లో రెండో డిస్కు ఉంటే ఎక్స్‌క్లూడ్ డిస్క్స్ అనే బటన్ పక్కనే ఉంటుంది, లేదంటే వైరు పీకి పక్కన పెట్టొచ్చు. ఒకే డిస్కును సీ, డీగా కోసుకున్నవాళ్ళు మాత్రం ముందు డీని వేరే దాంట్లోకి కాపీ చేసుకోకుండా ఆ పేజీ దగ్గరికే పోకూడదు.

కాబట్టి సంపాదకులు గారూ, ఇంకోసారి ఇట్లాంటి వార్త వేసేటప్పుడు ఆ చివరి వాక్యాన్ని కాస్త విడదీసి వేయండి. మీ ఫైళ్ళు, ఫాంట్లు, కీబోర్డు సెట్టింగులు వేరే డిస్కులోకి మామూలుగా కాపీ చేసుకోండి, అది మొదటి పని. ఇమేజ్ తీస్తే ఏ విండోస్, 32నా 64నా, లెగసీనా యూఈఎఫ్ఐనా, డిస్కు ఎన్ని జీబీ అని ఒక కాగితం మీద రాసి డిస్కుకు అంటించుకోండి. డ్రైవ్‌కు బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఉంటే దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ కూడా ఎక్కడో రాసుకోండి. తీసిన వారంలోనే ఒకసారి అటాచ్ చేసి తెరిచి చూడండి, తెరుచుకుంటుందో లేదో. ఇంతే, నాలుగు వాక్యాలు. మీ ఆఫీసులో సిస్టమ్స్ చూసుకునేవాళ్ళను అడిగితే నాకంటే బాగా చెబుతారు, మీ పాత సంచికలు కూడా ఏదో ఒక పాత ఫాంటులో ఏదో ఒక డిస్కులో ఇరుక్కుని ఉండే ఉంటాయి.

సర్వీసు అంగళ్ళ వాళ్ళకూ ఒక మాట. వాళ్ళ మీద నాకు కోపం లేదు, పొద్దంతా వైరస్సులు, పాస్‌వర్డులు, ప్రింటర్లతో వేగేవాళ్ళు. కానీ హార్డ్‌డిస్కు తెచ్చి చేతిలో పెట్టిన మనిషిని "ఏ విండోస్‌లో తీసినావన్నా, నీకు కావల్సింది విండోసా, ఫైళ్ళా" అని ఒక్క ప్రశ్న అడిగితే ఆరు వేల మాట వరకు పోనక్కర్లేదు. ఇమేజ్ కనిపించలేదంటే డిస్కు ఖాళీగా ఉందని కాదు.

నా హార్డ్‌డిస్కు ఇప్పుడు బీరువాలో ఉంది. ఫోల్డర్ పేరు ముట్టుకోలేదు. రిపేర్ సీడీని సెల్లోటేపుతో దాని వీపుకే అంటించి, మార్కర్‌తో "విండోస్ 7, 32 బిట్, 500 జీబీ, లెగసీ, ఐడీఈ" అని రాశాను. దసరా తర్వాత నుంచి శ్రావణం దాకా చేసిన పనులు మాత్రం రాలేదు, పోయినవి పోయాయి, కొన్ని వాట్సాప్‌లో పంపిన ప్రూఫులుగా దొరికితే చూసి మళ్ళీ కొట్టుకుంటున్నాను. అందుకే ఇప్పుడు ఏడాదికోసారి కాదు, నెలకోసారి తీస్తున్నాను.

స్థలం చాలకపోతే పెండ్లి పత్రిక కథంతా తీసేయండి, నాకేం అభ్యంతరం లేదు. డీ డ్రైవ్ గురించి రాసిన పేరా మాత్రం కత్తిరించొద్దు.

ఇట్లు,
ఒక డీటీపీ అంగడి మనిషి,
కడప